కాలిఫోర్నియాలో వంటపాత్రలు అమ్మాలంటే: ఏబీ 1200 రసాయన వివరాలు అంచెలంచెలుగా

కాలిఫోర్నియాలో అమ్మే వంటపాత్ర పిడిలోగానీ, ఆహారం తగిలే భాగంలోగానీ ఆ రాష్ట్రం జాబితాలోని రసాయనం కావాలని కలిపి ఉంటే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పాలి. 2021లో వచ్చిన ఏబీ 1200 చట్టం వంటపాత్రల విషయంలో అడిగేది ఇదే. వెబ్‌సైట్‌లో పెట్టడం 2023 జనవరి 1 నుంచి, లేబుల్ మీద వేయడం 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి.

మన దేశంలో తయారుచేసి పంపేవాళ్లూ, ఇక్కడి నుంచి తెప్పించుకుని అక్కడ ఆన్‌లైన్‌లో అమ్మే మనవాళ్లూ ముందుగా అడిగేది "లేబుల్ మీద ఏం రాయాలి?" అనే. లేబుల్ ఆఖరి పని. పాత్రను భాగాలుగా విడగొట్టి, ఏ భాగంలో ఏముందో కాగితం మీద తేల్చుకున్నాక లేబుల్ అరపూటలో అయిపోతుంది. అది తేలకుండా డిజైనర్ దగ్గరకు వెళ్తే బాక్సులు రెండుసార్లు ప్రింట్ చేయించాల్సి వస్తుంది.

## 1. బాధ్యత ఎవరిదో తేల్చుకోండి

చట్టం దృష్టిలో తయారీదారు అంటే ఫ్యాక్టరీ ఒక్కటే కాదు. లేబుల్ మీద పేరున్న తయారీదారుతో పాటు, "ఫలానావారి కోసం తయారైంది", "ఫలానావారు పంపిణీ చేస్తున్నారు" అని ఎవరి పేరు వేస్తారో వాళ్లు కూడా తయారీదారే.

- బాక్స్ మీద మీ సొంత బ్రాండ్, మీ కంపెనీ పేరు ఉంటే బాధ్యత మీది. పాత్ర ఎవరు పోతపోశారన్నది అనవసరం.
- ఇక్కడి ఫ్యాక్టరీ బ్రాండ్‌నే యథాతథంగా అమ్ముతుంటే వివరాలు ఇవ్వాల్సింది ఆ ఫ్యాక్టరీ. కానీ నిబంధనలు పాటించని పాత్రను ఆ రాష్ట్రంలో అమ్మకూడదు, అమ్మకానికి పెట్టకూడదు. కాబట్టి దుకాణదారుడికీ తప్పించుకునే దారి లేదు.
- ఇద్దరి పేర్లూ ఉంటే ఎవరు ఏ పని చేయాలో కొనుగోలు ఆర్డర్‌లోనే రాసుకోండి.

మీది చిన్న వ్యాపారం కావడం ఇక్కడ మినహాయింపు కాదు. పదిమంది లోపు ఉద్యోగులుంటే వర్తించదన్న మాట ప్రొపొజిషన్ 65కు, అంటే హానికర రసాయనాల గురించి హెచ్చరిక వేయమనే మరో కాలిఫోర్నియా చట్టానికి సంబంధించింది. ఆ రెండింటినీ కలిపేసుకునేవాళ్లు చాలామంది.

## 2. మీ వస్తువు దీని కిందికి వస్తుందా?

ఇళ్లలో, హోటళ్లలో ఆహారం, పానీయాలు వండడానికి, వడ్డించడానికి, నిల్వ ఉంచడానికి వాడే మన్నికైన సామాను అంతా వంటపాత్రే. గిన్నెలు, పెనాలు, గ్రిల్స్, బేకింగ్ షీట్లు, కేక్ అచ్చులు, ట్రేలు, బౌల్స్, గరిటెలు ఇందులోకి వస్తాయి. ఆ లెక్కన ఇడ్లీ ప్లేట్లు, గుంత పొంగనాల పెనం, అట్లకాడ, పోపు గరిటె, ప్రెషర్ కుక్కర్, పచ్చడి జాడీ కూడా వస్తాయి.

ఒక్కసారి వాడి పారేసే రేకు ట్రేలు, బేకింగ్ పేపర్ మన్నికైన సామాను కాదు కనుక ఈ భాగం కిందికి రావు. మొక్కల పీచుతో చేసిన ఆహార ప్యాకింగ్‌కు అదే చట్టంలో వేరే భాగం ఉంది. విస్తరి ప్లేట్లు ఎగుమతి చేసేవాళ్లు చూడాల్సింది దాన్ని.

## 3. పాత్రను భాగాలుగా విడగొట్టండి

అసలు పని ఇదే. చట్టం అడిగేది రెండు చోట్ల గురించి: పిడి, ఆహారం తగిలే ఉపరితలం. అడుగున వేసిన ఇండక్షన్ పళ్లెం, బయటి రంగు, బాక్స్ ఈ లెక్కలోకి రావు.

ఒక నమూనా పాత్రను బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్‌తో విప్పదీసి, ప్రతి భాగానికీ ఒక వరుస రాయండి. వరుసలో ఉండాల్సినవి: భాగం పేరు, ముడిసరుకు, గ్రేడ్, సప్లయర్, ఆహారం తగులుతుందా, పిడిలో భాగమా, రుజువు కాగితం నంబరు.

బేకలైట్ పిడి ఉన్న నాన్‌స్టిక్ దోసె పెనాన్ని విప్పితే ఇలా ఉంటుంది:

- లోపలి కోటింగ్: ఆహారం తగులుతుంది. సాధారణంగా ప్రైమర్, మధ్య పొర, పై పొర. మూడింటికీ వివరాలు కావాలి, ఎందుకంటే పై పొర అరిగితే కింది పొర బయటపడుతుంది.
- అంచు: కోటింగ్ వేశాక లేత్ మీద అంచు చెక్కితే అక్కడ అల్యూమినియం బయటకు కనిపిస్తుంది. అట్టు తిప్పేటప్పుడు తగిలేది అక్కడే. అప్పుడు అల్యూమినియం మిశ్రమమూ ఆహారం తగిలే భాగమే.
- లోపలికి వచ్చే రివిట్ తల ఉంటే: ఆహారం తగులుతుంది. అది అల్యూమినియమా, స్టీలా, దాని మీద కోటింగ్ ఉందా?
- బేకలైట్ పిడి: రెసిన్, నింపుడు పదార్థం, నల్ల రంగు.
- పిడికీ పెనానికీ మధ్య స్టీలు తొడుగు, పిడి చివర వేలాడదీసే రింగు: పిడిలో భాగంగానే రాయండి.
- మూత ఉంటే: గాజు, చుట్టూ స్టీలు పట్టీ, ఆవిరి రంధ్రానికి వేసిన రింగు, పైన ముడి. మూత ముడిని పిడి కాదని వాదించడం కన్నా పిడిగా లెక్కేయడమే మేలు. చేత్తో పట్టుకునేది అదే కదా.

ప్రెషర్ కుక్కర్‌లో ఎక్కువగా వదిలేసేవి రబ్బరు గాస్కెట్, విజిల్ వెయిట్, సేఫ్టీ వాల్వ్. పప్పు పొంగితే ఆ నురగ మూత లోపలి వైపంతా తగులుతుంది. సేఫ్టీ వాల్వ్ మధ్యలో తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం ఉంటుంది. అందులో సీసం, కాడ్మియం లాంటివి ఉన్నాయా, లేక తగరం, బిస్మత్‌లతోనే చేశారా అన్నది వాల్వ్ సప్లయర్‌ను విడిగా అడగాలి. కుక్కర్ ఫ్యాక్టరీకి అది తెలియకపోవచ్చు, వాల్వ్ వాళ్లు బయట కొంటారు కనుక.

## 4. ముడిసరుకును బట్టి ఏం వెతకాలి

స్టీలు. 304 గ్రేడ్‌లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 430లో నికెల్ కలపరు. మన మార్కెట్లో చవగ్గా దొరికే జె4 రకంలో నికెల్ తగ్గించి, ఆ లోటును మాంగనీస్‌తో పూడుస్తారు, రాగి కూడా కలుపుతారు. "స్టెయిన్‌లెస్ స్టీల్" అన్న మాటతో సరిపెట్టుకుంటే పట్టిక తప్పుతుంది. గ్రేడ్ రాసిన మిల్లు సర్టిఫికెట్ తీసుకోండి.

అల్యూమినియం. మిశ్రమం నంబరు కావాలి. మాంగనీస్, మెగ్నీషియం, సిలికాన్ ఏది ఎంత కలిపారో అది చెబుతుంది. హార్డ్ అనొడైజ్ చేసిన పాత్రయితే పై పొర సూక్ష్మ రంధ్రాలను దేనితో మూశారో అడగండి. మరిగే నీళ్లతో మూస్తే సరే, నికెల్ ఎసిటేట్‌తో మూసి ఉంటే నికెల్ సమ్మేళనం పట్టికలోకి వస్తుంది.

బీడు. మాంగనీస్‌ను కావాలనే కలుపుతారు, గంధకాన్ని కట్టిపడేయడానికి. సీజనింగ్ నూనెలో ఏవైనా కలిపారేమో కనుక్కోండి.

ఇత్తడి, రాగి. రాగి, జింకు ఎలాగూ ఉంటాయి. చెక్కడం సులువుగా సాగాలని ఇత్తడిలో సీసం కలిపి ఉంటే అది కావాలని కలిపినదే. కళాయి వేసిన పాత్రలో ఆహారం తగిలేది కళాయికి. ఆ తగరం శుద్ధి ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి.

ఎనామిల్. ఉక్కుకు పట్టుకోవాలని మొదటి పూతలో కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు వేస్తారు. అంచుల దగ్గర ఆ పూత కనిపిస్తుంటుంది. ఎరుపు, నారింజ, పసుపు రంగులుంటే కాడ్మియం రంగులేమో తప్పక అడగండి.

నాన్‌స్టిక్. టెఫ్లాన్ పేరుతో తెలిసిన పీటీఎఫ్ఈ, పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల వర్గంలోనిదే, ఆ వర్గం మొత్తం జాబితాలో ఉంది. ఇక వాదన లేదు, రాయాల్సిందే. సిరామిక్ నాన్‌స్టిక్ అయితే రంగులు, ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్, కార్బన్ బ్లాక్ చూడండి.

సిలికోన్ అచ్చులు, మెలమైన్ బౌల్స్. సిలికోన్‌లో డీ4, డీ5, డీ6 అనే సైక్లోసిలోక్సేన్లు మిగిలిపోతుంటాయి. మెలమైన్‌లో మెలమైన్, ఫార్మాల్డిహైడ్ మిగులుతాయి. వీటి సంగతి 7వ అంచెలో వస్తుంది.

## 5. సప్లయర్‌ను ఏం అడగాలి, ఎలా అడగాలి

"మీ సరుకు ఏబీ 1200కు సరిపోతుందా?" అని అడిగితే "యస్ సర్" అని జవాబు వస్తుంది. ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. ఈ చట్టంలో పాస్, ఫెయిల్ అనేవి లేవు. ఏమున్నాయో చెప్పడమే ఉంది.

అడగాల్సినవి:

- భాగం వారీగా, జాబితాలో ఉన్న పదార్థాల పేర్లు, సీఏఎస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ప్రపంచమంతా వాడే గుర్తింపు సంఖ్య)
- ప్రతిదీ ఎందుకు కలిపారు: రంగుకా, గట్టిదనానికా, అతుక్కోవడానికా
- పూర్తయిన పాత్రలో అది మిగిలి ఉంటుందా, తయారీలోనే ఎగిరిపోతుందా
- లోహాలకు మిల్లు సర్టిఫికెట్, కోటింగ్‌కూ రెసిన్‌కూ భద్రతా వివరాల పత్రం
- ఫార్ములా మారిస్తే ముందుగా తెలియజేస్తామన్న హామీ
- సంతకం, తేదీ, మోడల్ నంబరు

కోటింగ్ కంపెనీలు ఫార్ములా రహస్యం అంటాయి. మొత్తం ఫార్ములా మీకు అక్కర్లేదు, శాతాలూ అక్కర్లేదు. చట్టం పరిమాణం అడగదు. "కాలిఫోర్నియా జాబితాలో ఉన్నవాటి పేర్లు మాత్రం చెప్పండి" అని అడిగితే చాలామంది చెబుతారు. అయినా చెప్పకపోతే వాళ్ల పత్రాన్ని నేరుగా ఒక ల్యాబ్‌కు పంపించి, ల్యాబ్ నుంచి మీకు పేర్ల పట్టిక మాత్రమే తెప్పించుకోండి. దానికీ ఒప్పుకోకపోతే సప్లయర్‌ను మార్చడమే.

భద్రతా పత్రం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది కార్మికుల రక్షణ కోసం రాసేది. తక్కువ మోతాదులో ఉన్నవాటిని అందులో చూపించకపోవచ్చు. ఏబీ 1200లో కావాలని కలిపినదానికి "ఇంతలోపు అయితే చెప్పక్కర్లేదు" అన్న శాతం లేదు.

వచ్చిన సీఏఎస్ నంబర్లను ఒకసారి లెక్కేసి చూడండి. చివరి అంకె తనిఖీ అంకె. దాన్ని వదిలేసి, మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు 1, 2, 3... తో గుణిస్తూ కూడండి. మొత్తంలో చివరి అంకె ఆ తనిఖీ అంకెతో కలవాలి. పీటీఎఫ్ఈ నంబరు 9002-84-0: 4×1, 8×2, 2×3, 0×4, 0×5, 9×6 కలిపితే 80. చివరి అంకె 0, సరిపోయింది. అంకెలు తారుమారైన డిక్లరేషన్లు దీంతో చాలావరకు దొరికిపోతాయి.

## 6. జాబితాతో సరిచూడటం

చూడాల్సిన జాబితా కాలిఫోర్నియాలో విష రసాయనాల నియంత్రణ చూసే డీటీఎస్సీ శాఖది. దాన్ని క్యాండిడేట్ కెమికల్స్ జాబితా అంటారు, కాల్‌సేఫర్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఇది 23 అధికారిక జాబితాలను కలిపి కూర్చినది. ప్రొపొజిషన్ 65, యూరప్ ఎస్‌వీహెచ్‌సీ (అత్యంత ఆందోళనకర పదార్థాల) జాబితా, ఐఏఆర్‌సీ క్యాన్సర్ కారకాల జాబితా, కాలిఫోర్నియా తాగునీటి పరిమితులు అందులో కొన్ని.

క్రమం ఇది:

1. సీఏఎస్ నంబరుతో వెతకండి. దొరికితే ఏ ఏ మూల జాబితాల్లో ఉందో రాసుకోండి. వెబ్ పేజీకి అది కావాలి.
2. దొరకకపోతే పేరుతో వెతకండి.
3. అప్పటికీ లేకపోతే వర్గం పేరుతో వెతకండి. "నికెల్ సమ్మేళనాలు", "కోబాల్ట్ సమ్మేళనాలు", "పీఫాస్" వర్గాలుగానూ నమోదై ఉంటాయి. ఒక ప్రత్యేక ఫ్లోరోపాలిమర్ సీఏఎస్ నంబరు విడిగా లేనంత మాత్రాన అది జాబితాలో లేనట్టు కాదు.
4. షరతు ఉంటే చదవండి. కార్బన్ బ్లాక్, టైటానియం డయాక్సైడ్ ప్రొపొజిషన్ 65లో "గాల్లో తేలే, పీల్చదగ్గ రేణువులు" అన్న షరతుతో ఉన్నాయి. కోటింగ్‌లో బంధించిన రంగు ఆ షరతు కిందికి రాదని మీరు నిర్ణయిస్తే, కారణం ఫైల్లో రాసి పెట్టండి. చాలా బ్రాండ్లు ఆ గొడవ లేకుండా పేరు వేసేస్తున్నాయి. మా సలహా కూడా అదే.
5. వెతికిన తేదీతో ఫలితాల పేజీని భద్రపరచండి. జాబితా మారుతూ ఉంటుంది.

నికెల్, క్రోమియం పేర్లు స్టీలు గిన్నె మీద చూసి కొనేవాళ్లు భయపడతారేమో అని కొందరు దాచేస్తారు. అలా చేయొద్దు. పేరున్న స్టీలు బ్రాండ్లూ తమ పేజీల్లో ఈ లోహాలను చెబుతున్నాయి.

## 7. కావాలని కలిపిందా, మిగిలిపోయిందా?

తయారీదారు కావాలని కలిపి, పూర్తయిన పాత్రలో ఏదో ఒక పని చేసేదే లెక్కలోకి వస్తుంది. చిక్కంతా ఇక్కడే. ఎదురయ్యే సందర్భాలు ఇవి:

- కోటింగ్ ద్రావకం. ఎన్ఎంపీ లాంటివి ద్రవ కోటింగ్‌లో ఉంటాయి. పీటీఎఫ్ఈ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక కోటింగ్‌ను అంతకన్నా బాగా ఎక్కువ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ద్రావకం ఎగిరిపోతుంది. పెనంలో దానికి పని లేదు, సాధారణంగా రాయక్కర్లేదు. కాల్చే ఉష్ణోగ్రత రికార్డు మాత్రం ఫైల్లో ఉండాలి.
- బేకలైట్‌లో ఫీనాల్, ఫార్మాల్డిహైడ్. ఇవి కలిసిపోయి రెసిన్ అవుతాయి. మిగిలిన కొద్దిపాటి మోతాదుకు పిడిలో పని లేదు. 4వ అంచెలో చెప్పిన సిలికోన్, మెలమైన్ అవశేషాలనూ ఇదే ప్రశ్నతో చూడండి. అయినా అనుమానం వస్తే రాసేయండి. ఎక్కువ చెబితే వచ్చే నష్టం తక్కువ.
- క్రోమ్ పూత. పూత తొట్టెలో షట్సంయోజక క్రోమియం వాడినా, పిడి మీద మిగిలేది లోహ క్రోమియం. రాయాల్సింది క్రోమియం. సప్లయర్ తొట్టె రసాయనాన్ని రాసి పంపితే దాన్ని యథాతథంగా ఎక్కించకండి.
- తుక్కు అల్యూమినియంలో సీసం. కరిగించిన తుక్కుతో వచ్చేసిన సీసం కావాలని కలిపింది కాదు. ఏబీ 1200 ప్రకారం రాయక్కర్లేదు. దానర్థం అమ్మొచ్చని కాదు, 10వ అంచె చూడండి.
- రాతి చిప్పలు. సహజంగా రాయిలో ఉన్న ఖనిజాలు ఎవరూ కలిపినవి కావు. పైన పూసిన నూనె, మైనం, పాలిష్ మాత్రం కలిపినవే.

ప్రతి నిర్ణయానికీ ఒక వాక్యం కారణం, నిర్ణయించిన వ్యక్తి పేరు, తేదీ రాసుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే గుర్తుండదు.

## 8. వెబ్ పేజీ

పేజీలో మూడు ఉండాలి:

- ఆ పాత్రలో ఉన్న జాబితా రసాయనాలన్నీ
- ఒక్కో రసాయనం ఏ అధికారిక జాబితాలో ఉందో ఆ జాబితా పేరు
- ఆ అధికారిక జాబితా వెబ్‌సైట్‌కు లింకు

మోడల్ నంబరు వారీగా పెట్టండి. "మా పాత్రలన్నిటిలో ఇవి ఉండొచ్చు" అని ఒకే పేజీతో కానిచ్చేస్తే మీ పొంగనాల పెనం కొన్నావిడకు దానిలో ఏముందో తెలియదు. లాగిన్ అడగకూడదు, బొమ్మగా పెట్టకూడదు, ఫోన్లో చదవగలగాలి. పేజీ కింద సవరించిన తేదీ వేయండి.

సొంత వెబ్‌సైట్ లేనివాళ్లు చిన్న డొమైన్ ఒకటి కొనుక్కోవడం మంచిది. ఆన్‌లైన్ మార్కెట్‌లోని లిస్టింగ్ చిరునామాను లేబుల్ మీద వేస్తే, ఆ లిస్టింగ్ మూతపడిన రోజున గోదాములోని సరుకంతా తప్పుడు లేబుల్ సరుకు అవుతుంది.

## 9. లేబుల్, బాక్స్

లేబుల్ మీద ఉండాల్సినవి:

- జాబితా రసాయనాల పేర్లు
- "ఫర్ మోర్ ఇన్ఫర్మేషన్ అబౌట్ కెమికల్స్ ఇన్ దిస్ ప్రొడక్ట్, విజిట్" అన్న వాక్యం, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ
- వెంటనే వెబ్ పేజీ చిరునామా
- అదే పేజీకి వెళ్లే క్యూఆర్ కోడ్ లేదా యంత్రం చదవగల మరో కోడ్

ఇంగ్లిష్ వాక్యాన్ని మార్చకండి. స్పానిష్ వాక్యాన్ని ఆ భాష వచ్చినవాళ్లతో చదివించాకే ప్రింటర్‌కు ఇవ్వండి. ఇక్కడి ప్రెస్సుల్లో ఫాంట్ మారినప్పుడు అక్షరాల మీది గీతలు ఎగిరిపోతుంటాయి.

క్యూఆర్ కోడ్ కనీసం 2 సెంటీమీటర్లు ఉంచండి, చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ వదలండి. ఈ కొలత స్కాన్ సరిగా అవ్వడానికి మేం చెప్పేది, చట్టంలోది కాదు. ఉచితంగా దొరికే "మార్చుకోగల" కోడ్లు వాడొద్దు, చందా ఆగితే అవీ ఆగిపోతాయి. గిన్నె ఒంపు మీద అంటించే స్టిక్కరైతే అంటించాకే రెండు మూడు ఫోన్లతో పరీక్షించండి.

చిన్న వస్తువులకు మినహాయింపు. రెండు షరతులూ కలవాలి. వస్తువు మీద 2 చదరపు అంగుళాల లేబుల్ పట్టకూడదు. దానికి లేబుల్ వేయదగ్గ బాక్స్, కవర్, ట్యాగ్ ఏదీ ఉండకూడదు. చిన్న కొలత చెంచాలు ప్లాస్టిక్ కవర్‌లో వస్తే మినహాయింపు పోయినట్టే. మినహాయింపు లేబుల్‌కే, వెబ్ పేజీ పెట్టాల్సిందే.

ఆన్‌లైన్ లిస్టింగ్ ఫొటోల్లో లేబుల్ ఉన్న వైపు కూడా పెట్టండి. పీఫాస్ పాత్రలకు 2024 నుంచి ఇలాంటి లేబుల్ పెట్టించిన కొలరాడో చట్టం లిస్టింగ్‌లో కూడా కనిపించాలని విడమరిచి చెప్పింది. కాలిఫోర్నియా కొనుగోలుదారుడికీ అలా చూపిస్తే పోయేదేమీ లేదు.

### "ఫ్రీ" అన్న మాట

అన్నిటికన్నా ఎక్కువ బాక్సులు దెబ్బతినేది ఇక్కడే. ఒక వర్గంలోని ఏ రసాయనాన్నైనా కావాలని కలిపి ఉంటే, అదే వర్గంలోని మరో రసాయనం "లేదు" అని చెప్పుకోకూడదు.

మన నాన్‌స్టిక్ పెనాల బాక్సుల మీద ఒక మూల పచ్చరంగు ఆకు బొమ్మ, పక్కన "పీఎఫ్ఓఏ ఫ్రీ" అని కనిపిస్తుంది. పీఎఫ్ఓఏ అనే ఆ రసాయనం నిజంగానే లేకపోవచ్చు. కానీ కోటింగ్ పీటీఎఫ్ఈ. రెండూ పీఫాస్ వర్గానివే. కాబట్టి ఆ మాట కాలిఫోర్నియాలో చెల్లదు, వెబ్‌సైట్‌లోనూ చెల్లదు. మీద స్టిక్కర్ అంటించి కప్పొచ్చు. అయితే బాక్స్ మూత లోపల, గ్యారంటీ కార్డు మీద, పెనం మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద కూడా అదే మాట ఉంటుంది, అవీ వెతకండి.

సిరామిక్ కోటింగ్ మీద "పీఫాస్ ఫ్రీ" వేసే ముందు మొత్తం ఫ్లోరిన్ పరీక్ష చేయించండి. ఫ్లోరిన్ బయటపడితే అది అకర్బన ఫ్లోరైడా, పీఫాసా అన్నది సప్లయర్ తేల్చాలి. తేలేదాకా ఆ మాట వేయకండి.

## 10. ఇది చేస్తే అన్నీ చేసినట్టు కాదు

ప్రొపొజిషన్ 65 వేరు. ఏబీ 1200 "ఉందా" అని అడుగుతుంది, ప్రొపొజిషన్ 65 "మనిషికి ఎంత చేరుతుంది" అని అడుగుతుంది. సీసం కలపలేదు కనుక ఏబీ 1200 లేబుల్‌లో లేకపోయినా, ఆహారంలోకి దిగుతుంటే ప్రొపొజిషన్ 65 హెచ్చరిక అవసరం కావచ్చు.

సీసం. మన పాత్రలు పంపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి పాత్రల నుంచీ, హిండాలియం లేదా ఇండాలియం అని పిలిచే మిశ్రమం పాత్రల నుంచీ సీసం ఆహారంలోకి దిగవచ్చని హెచ్చరించింది. మన ఇళ్లలో సిల్వర్ గిన్నె, ఇండాలియం మూకుడు అని పిలుచుకునే రకాలే ఇవి. వాషింగ్టన్ రాష్ట్రం 2026 జనవరి 1 నుంచి వంటపాత్రల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) పరిమితి పెట్టింది. ప్రతి పోత బ్యాచ్ నుంచి ఒక ముక్క తీసి సీసం పరీక్ష చేయించండి. మొదటి బ్యాచ్ రిపోర్టుతో ఏడాదంతా గడిపేయొద్దు. తుక్కు మారితే సీసం మారుతుంది. ఎక్స్-రేలతో లోహాలను గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ పరికరం జల్లెడ పట్టడానికి సరే, అంచున ఉన్న ఫలితాన్ని ల్యాబ్‌లో కరిగించి చూడాల్సిందే.

మిగతా రాష్ట్రాలు. పీఫాస్ కావాలని కలిపిన వంటపాత్రలను మిన్నెసోటా 2025 జనవరి 1 నుంచి, కొలరాడో, మెయిన్ 2026 జనవరి 1 నుంచి నిషేధించాయి. రోడ్ ఐలండ్‌లో 2027 జనవరి 1 నుంచి, కనెక్టికట్‌లో 2028 జనవరి 1 నుంచి. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు ఎస్‌బీ 682ను గవర్నర్ 2025 అక్టోబరులో వీటో చేశారు కనుక అక్కడ ఇప్పటికి వివరాలు చెప్పి అమ్మొచ్చు. అదే లిస్టింగ్ అమెరికా అంతటికీ తెరిచి ఉంటే మాత్రం కొలరాడోలోని డెన్వర్ నుంచి వచ్చిన ఆర్డర్ మీ మెడకు చుట్టుకుంటుంది. నాన్‌స్టిక్ సరుకుకు రాష్ట్రాల వారీగా షిప్పింగ్ ఆపే ఏర్పాటు ముందే చేసుకోండి.

ఐఎస్ఐ మార్కు ఈ పనులు దేనికీ బదులు కాదు. అది మన దేశంలో అమ్మడానికి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

కోటింగ్ పేరు బ్రాండ్ పేరుతో రాయడం. "గ్రానైట్ కోటింగ్", "స్టోన్ కోటింగ్" రసాయన పేర్లు కావు. చాలావాటి కింద ఉండేది పీటీఎఫ్ఈయే. దిద్దుబాటు: కోటింగ్ సరఫరాదారు నుంచి రెసిన్ పేరు, సీఏఎస్ నంబరు.

యూరప్ రసాయనాల చట్టమైన రీచ్ సర్టిఫికెట్ చూపించి సరిపెట్టడం. అందులో అంతకు తక్కువైతే చెప్పక్కర్లేదన్న 0.1 శాతం గీత ఉంటుంది, జాబితా కూడా చిన్నది. దిద్దుబాటు: కాల్‌సేఫర్‌లో మళ్లీ వెతకడం.

పిడిని మర్చిపోవడం. స్టీలు గిన్నెకు సిలికోన్ తొడుగు ఉంటే దానిలోని రంగు కూడా లెక్కే.

సెట్టుకు ఒకే లేబుల్. ఏడు పాత్రల సెట్టులో రెండు మాత్రమే నాన్‌స్టిక్ అయితే ఏది దేనిదో లేబుల్‌లోనూ పేజీలోనూ విడిగా చూపండి. విడి పాత్రగా కూడా అమ్మితే దాని బాక్స్‌కు వేరే లేబుల్ కావాలి.

పాత స్టాకు. తప్పు తెలిసినప్పుడు అమెరికా గోదాములో ఉన్న సరుకును ముందు అమ్మకం నుంచి ఆపండి, తర్వాత స్టిక్కర్ వేయించండి. పేజీని అదే రోజు సరిచేయొచ్చు, దానికి స్టిక్కర్ల కోసం ఆగక్కర్లేదు.

## 12. కంటైనర్ కదిలే ముందు

- [ ] బాక్స్ మీద పేరున్నవాళ్లు బాధ్యత ఒప్పుకున్నారు
- [ ] భాగాల పట్టికలో రుజువు లేని వరుస లేదు
- [ ] సీఏఎస్ నంబర్లన్నీ లెక్కకు సరిపోయాయి
- [ ] కాల్‌సేఫర్ ఫలితాలు తేదీతో ఫైల్లో ఉన్నాయి
- [ ] "కావాలని కలపలేదు" అన్న ప్రతి నిర్ణయానికీ కారణం రాసి ఉంది
- [ ] వెబ్ పేజీ అమెరికాలోని ఫోన్‌లో తెరుచుకుంది
- [ ] క్యూఆర్ కోడ్ అసలు బాక్స్ మీది నుంచి స్కాన్ అయింది, ప్రూఫ్ కాగితం మీది నుంచి కాదు
- [ ] లేబుల్‌లోని పేర్లు, పేజీలోని పేర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకటే
- [ ] "ఫ్రీ" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో చూసి సరిచేశారు
- [ ] ఈ బ్యాచ్ సీసం రిపోర్టు వచ్చింది

ఆ తర్వాత ఆరు నెలలకోసారి జాబితాను మళ్లీ చూడండి. స్టీలు గ్రేడ్, కోటింగ్, పిడి సప్లయర్, గాస్కెట్ వీటిలో ఏది మారినా ఆ ఒక్క వరుసకు 5వ అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసేవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి. చవగ్గా వచ్చిందని వాళ్లు మార్చిన గాస్కెట్ గురించి లేబుల్ వేసేవాళ్లకు చివరిదాకా తెలియదు.